లోపలి మఫ్లర్

మంచం తలవైపు కోళ్ళకింద
చెరో రెండిటుకలు పెట్టి తొమ్మిదేళ్ళు.
తెల్లారేసరికి జారిజారి
కాళ్ళవైపు పోగుపడేవాళ్ళం
నేనూ, అరుణాచలం, దుప్పటీ.

రాత్రి రెండింటికి లేచేవాడు వాతాపి.
చిన్నప్పుడు నా పొట్ట నిమిరి
జీర్ణం జీర్ణం అని నాయనమ్మ అరిగించాననుకున్నది
అరగలేదు.
ఏ అన్నా పిలవకుండానే
పులుపై, మంటై, గొంతుదాకా పాక్కుంటూ వచ్చి
వచ్చేశా అనేవాడు.
గుటకలు మింగుతూ కూచునేదాన్ని
వేక్‌ఫీల్డ్ వీధిదీపం కింద పడే మంచు చూస్తూ.

రొట్టెల ఫ్యాక్టరీలో నాది మూడో లైను.
ట్రే కోసం వంగితే చాలు
పొద్దున తిన్నది నోట్లోకి తిరిగొచ్చేది.
డోరీన్ జేబులోంచి అల్లం బిళ్ళ తీసిచ్చేది.
ముందు ఆవకాయ మానేశాను, తర్వాత చింతపండు, తర్వాత కాఫీ.
ఆఖరికి గొంతు బొంగురుపోయి
ఫోన్లో చెల్లెలు "ఎవరండీ?" అంది.

ముక్కులోంచి సన్నటి గొట్టం దించి
చెంపకి ప్లాస్టరేసి, నడుముకి డబ్బా కట్టి
ఒక పగలూ ఒక రాత్రీ తిరిగి రమ్మన్నారు.
మంటొచ్చినప్పుడల్లా మీట నొక్కాలి.
బస్సులో నొక్కాను. కూరగాయల కొట్లో నొక్కాను.
ఆడపడుచు ఫోనొస్తే నొక్కాను.
అది ఆ మంటేనో కాదో ఇప్పటికీ తెలీదు.

ఇక్కడ కత్తి పట్టే డాక్టర్ని మిస్టర్ అనాలట.
మిస్టర్ ప్రిచార్డ్ కాగితమ్మీద సంచీ గీసి
దాని పైకొసని గొట్టం చుట్టూ తిప్పి
మఫ్లర్ లాగా, అన్నాడు.
ఇక పైకి రాదు. త్రేన్పు రాకపోవచ్చు. వాంతి కూడా.
నవ్వొచ్చింది. ఎందుకో ఆయనకి తెలీదు.
మింగలేక కక్కలేక అంటే
మావైపు అది సంసారం సంగతి,
ఆపరేషన్ అనుకోలేదు ఇన్నాళ్ళూ.

కాలేయం చిక్కాలని రెండు వారాలు పాలూ పెరుగూ.
దానికి ముందురోజు మా లైన్లో దిగిన రొట్టె
అంచు కాల్చుకుని, వెన్న రాసుకుని,
నిలబడే తిన్నాను.
ఆస్పత్రిలో అరుణాచలం పెన్ను తీస్తే
సంతకం ఆమెది కావాలన్నారు.
అతను పెన్ను నాకిచ్చి, మూత మాత్రం పట్టుకున్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు.
ఐదు చిల్లులు, ఒక్కోటీ శనగగింజంత.
మెలకువొచ్చాక కాళ్ళవైపు చూసుకున్నాను
ఏమీ పడలేదు.
నొప్పి మాత్రం కుడిభుజంలో.
పొట్టలో పని చేస్తే భుజానికేం పోయేకాలం?
"లోపల ఊదిన గాలమ్మా, దారి వెతుక్కుంటోంది,
నడువు" అంది నర్సు ఎన్‌గోజీ.
సెలైన్ స్టాండు తోసుకుంటూ కిటికీదాకా, వెనక్కి,
మళ్ళీ కిటికీదాకా.

ఇంటికొచ్చాక చెంచా.
ఆగి, ఇంకో చెంచా.
గంజితేట. పలచటి చారు. మిక్సీలో మెదిపిన అన్నం,
గిరిజకి ఉగ్గు పెట్టిన గిన్నెలోనే.
అరుణాచలం ఎదురుగా కూచుని మెల్లిగా, మెల్లిగా అంటాడు.
ముప్పైయేళ్ళలో నా భోజనం
ఆఖరి ముద్దదాకా చూడ్డం ఇదే మొదలు.
పైకి రాని గాలి కిందికి పోతే
చటుక్కున లేచి రేడియో పెంచుతాడు.

ఇరవయ్యారో రోజు తొందరపడ్డాను.
ఇడ్లీముక్క రొమ్ము నడుమ ఆగిపోయింది.
నీళ్ళు తాగి తోయకూడదు, కక్కడానికి లేదు.
గోడ పట్టుకుని నిలబడ్డాను.
అతనూ లేచి నిలబడ్డాడు, ఏదో అవసరమైనట్టు.
ఇరవై నిమిషాలు.
దిగాక ఇద్దరం కుర్చీల్లో కూలబడి
ఒకేసారి "అమ్మయ్య" అన్నాం.

డోరీన్ కబురు పంపింది,
మూడో లైన్లో కొత్తమ్మాయి ట్రేలు పడేస్తోందట.

ఏడోవారం ఇటుకలు తీసి
పెరట్లో పుదీనా కుండీ కింద పెట్టాడు.
ఆ రాత్రి రెండింటికి నాకు మెలకువొచ్చింది.
అలవాటుగా గుటకేశాను.
ఉత్త ఉమ్మి.
చీకట్లో పాదంతో తడిమితే
కార్పెట్ మీద ఇటుకల గుంటలు రెండూ
ఇంకా లేవలేదు.